దుమ్ములో రాసిన పేరు

నేను ఒక పలకను. కుడివైపు పై మూల కాస్త విరిగి ఉంటుంది. ఆ మూల విరగకపోతే నేను ఏ బడికో పోయి, ఏ పిల్ల సంచిలోనో పగిలి, నా కథ అక్కడితో అయిపోయేది. విరిగింది కాబట్టి ఇంతకాలం ఉన్నాను. ఉన్నందుకు కొన్ని చూడాల్సి వచ్చింది.

నల్లమల అంచున ఒక రాతి గనిలో పుట్టాను. మా రాయి పొరలు పొరలుగా ఉంటుంది. ఉలి పెట్టి తడితే అట్టలాగా విడివడుతుంది. అలా విడదీసిన రాయిని ఊరి చివర రేకుల షెడ్డుకు తెస్తారు. అక్కడ గిర్రున తిరిగే రంపం మీద నాలుగు పక్కలా కోసి, అరగదీసి, చెక్క చట్రం బిగిస్తారు. నన్ను కోసినవాడి పేరు కేశవులు.

మనుషులు ఒక వస్తువును చేతిలోకి తీసుకుని ఎంత బాగా చేశారో అంటారు. దాన్ని చేయడానికి తీసేసింది ఎక్కడికి పోయిందని అడగరు. నా నాలుగు అంచుల నుంచి రంపం తీసేసిన రాయి పిండయింది. కొంత నేల మీద పడింది. కొంత రేకుల సందుల్లోంచి ఊరి మీదికి పోయింది. కొంత కేశవులు ముక్కులోంచి లోపలికి పోయి, అక్కడే ఉండిపోయింది. నేనింకా ఈ లోకంలో ఉన్నాను. నాలోంచి పోయిన ఆ కాస్తా అతనితోపాటే మట్టిలోకి పోయింది. ఈ మాట ముందు చెప్పకపోతే మిగతా కథ చెప్పడానికి నాకు మొహం చెల్లదు.

షెడ్డులో పదహారు మంది పనిచేసేవాళ్లు. సాయంత్రానికి అందరి కనుబొమలూ, మీసాలూ తెల్లబడేవి. బయటికొచ్చి తువ్వాలతో దులుపుకుంటే మళ్లీ వయసులో పడేవాళ్లు. పని దిగేవేళ షెడ్డు యజమాని కాశయ్య గుమ్మంలో స్టీలు డబ్బా పట్టుకుని నిలబడేవాడు. ఒక్కొక్కరి చేతిలో ఉసిరికాయంత బెల్లం ముక్క పెట్టేవాడు. బెల్లం తింటే గొంతులో పేరుకున్న దుమ్ము కడుపులోకి దిగిపోతుందని, ఇక రొమ్ముకు ఏ బాధా ఉండదని ఆయనకు వాళ్ల నాయన చెప్పాడట. కాశయ్యది మోసం అనడానికి నాకు మాట రాదు. అందరికంటే ముందు తన నోట్లో వేసుకునేవాడు. ఒక్కరోజు కూడా డబ్బా ఖాళీగా తేలేదు.

కేశవులు ఆ ముక్కను కొరికి సగం తిని, సగం తువ్వాల కొసన ముడేసుకునేవాడు. సందు మొగలో ఆరేళ్ల కూతురు రవణ ఎదురుచూస్తూ ఉండేది. ముడి విప్పేది ఆ పిల్లే.

మూల విరిగిందని పక్కన పడేసిన నన్ను కూడా అతను కూతురి కోసమే ఇంటికి తెచ్చాడు. కానీ బడిలో ఆ పిల్లకు అప్పటికే పుస్తకాలు ఇచ్చేశారు. కేశవులు భార్య ఓబులమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, నీళ్లకుండ మీద మూతగా పెట్టింది. ఊళ్లో తయారైన పలకలు లారీలకెక్కి రాష్ట్రాలు దాటిపోతున్నాయి. వాటిని చేసే ఇంట్లో నేను కుండకు మూతనయ్యాను. అప్పుడు నవ్వుకున్నాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. కుండ మీద ఉంటే ఇంట్లో జరిగేదంతా వినపడుతుంది. కేశవులు మొదట పొద్దునపూట దగ్గేవాడు. తర్వాత మెట్టు ఎక్కితే ఆయాసపడేవాడు. తర్వాత అన్నం కలుపుకోవడానికే ఆయాసపడేవాడు. క్షయ అనుకుని ఆరు నెలలు మాత్రలు ఇచ్చారు. చివరికి ఒక డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకు పెట్టి చూసి, ఇది రాతి దుమ్ము అమ్మా, తీయడానికి కుదరదు అన్నాడు.

ఓబులమ్మ ఆ మాట నమ్మలేదు. పదహారు మందీ అదే దుమ్ములో ఉన్నారు, అదే బెల్లం తిన్నారు, మా ఆయనకే ఎందుకు వచ్చింది అని ఆలోచించింది. మిగతా పదిహేను మందికి దగ్గు ఉందో లేదో ఆమె అడగలేదు. అడిగినా వాళ్లు చెప్పేవాళ్లు కారు, పనిలోంచి తీసేస్తారని భయం. ఆమెకు తెలిసిన తేడా ఒక్కటే. మిగతావాళ్లు ముక్క మొత్తం తిన్నారు. కేశవులు సగమే తిన్నాడు.

అతన్ని సాగనంపి వచ్చిన రోజు, గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరితోనూ కాదన్నట్టు అన్నది.

"నీకు పెట్టి పెట్టి పోయినాడే మీ నాయన."

రవణకు అప్పుడు పద్నాలుగేళ్లు. నీళ్లు ముంచుకోవడానికి నన్ను పక్కకు జరిపిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ రోజు నుంచి ఆ పిల్ల తీపి ముట్టలేదు. పండగకు పాయసం చేస్తే కడుపులో బాగాలేదనేది. ఎందుకని ఓబులమ్మ అడగలేదు. అన్న మాట ఆమె మర్చిపోయింది. విన్న పిల్ల మర్చిపోలేదు.

కొన్నేళ్లు గడిచాయి. రవణకు పెళ్లయింది. అల్లుడు రాతి లారీ మీద పోయేవాడు, వారానికొకసారి ఇంటికి వచ్చేవాడు. రవణ తల్లి దగ్గరే ఉంటూ అదే షెడ్డులో చేరింది. ముందు పలకలకు గడ్డి చుట్టి కట్టే పని. తర్వాత రంపం దగ్గరికి మారింది, ఎందుకంటే అక్కడ కూలి ఎక్కువ. ఓబులమ్మకు ఇష్టం లేదు. కానీ ఊళ్లో ఇంకో పని లేదు. కాబట్టి తనకు తెలిసిన రక్షణ ఒక్కటే గట్టిగా పట్టుకుంది. రోజూ కూతురు గడపలో కాలు పెట్టగానే అడిగేది.

"బెల్లం తిన్నావా?"

"తిన్నా."

"మొత్తం?"

"మొత్తమే మా."

ఆ మాట అబద్ధమని ఇంట్లో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఎందుకంటే నీళ్లు తాగే నెపంతో కుండ దగ్గరికి వచ్చి, కుండ వెనకాల గూట్లో ఉన్న పాత పౌడరు డబ్బాలో రవణ ఆ ముక్కను వేసేది.

ఈ మధ్యలోనే నాకు కుండ మీద నుంచి విడుదల దొరికింది. ఊళ్లో ఆశా కార్యకర్తగా పనిచేసే నాగూర్‌బీ, మధ్యాహ్నం పూట బడి వసారాలో ఆడవాళ్లకు అక్షరాలు చెప్పడం మొదలుపెట్టింది. ఓబులమ్మ నన్ను కడిగి, చంకలో పెట్టుకుని పోయింది. ఆమెకు అప్పటికి యాభై దాటింది. మొదటి నెల బలపం ఆమె వేళ్లలో నిలవలేదు. గీతలు నా చట్రం దాటి ఆమె చీర మీదికి పోయేవి. పక్కన కూర్చున్న గురవమ్మ ఊరుకునేది కాదు.

"ఓబులమ్మా, అది 'ఓ' అక్షరమా, తేలు తోకా?"

"నీ 'గు' కంటే మేలేలే. అదేదో గేదె పడుకున్నట్టుండాది."

తమ పేరు రాయడం వచ్చాక, ఇంటాయన పేరు రాయమన్నది నాగూర్‌బీ. వసారా అంతా నవ్వులు. ఆ ఊళ్లో ఆ వయసు ఆడవాళ్లు భర్త పేరు నోటితో పలకరు. "గుళ్లో సామి పేరే, బీబమ్మా" అన్నది ఓబులమ్మ తల వంచుకుని. నాగూర్‌బీ ఆ నాలుగు అక్షరాలూ నా మీద రాసి ఇచ్చింది. ఓబులమ్మ వాటి మీద బలపంతో దిద్దలేదు. ఇంటికి పోయేదాకా చెరిపేయకుండా, కొంగు తగలకుండా పట్టుకుని నడిచింది.

ఒకరోజు కుండ తోముదామని జరిపినప్పుడు, గూట్లో చీమల బారు కనపడింది. ఓబులమ్మ డబ్బా తీసి మూత విప్పింది. నిండా బెల్లం ముక్కలు. కొన్ని కరిగి ఒకదానికొకటి అంటుకున్నాయి, కొన్ని నల్లగా గట్టిపడ్డాయి. సాయంత్రం రవణ వచ్చేసరికి డబ్బా నట్టింట్లో ఉంది.

"ఏందే ఇది?"

"బెల్లం."

"అది కనపడతానే ఉండాది. ఎందుకు తినలేదని అడుగుతుండా."

"గొంతు దిగదమ్మా నాకు."

"దుమ్ములో పనిచేసేదానివి, దిగకపోతే ఎట్టా? మీ నాయన ఎట్టా పోయినాడో చూడలేదా నువ్వు?"

"చూసినా. సగం నేను తింటే పోయినాడు. నువ్వే గదమ్మా చెప్పింది."

ఓబులమ్మ తాను ఏనాడు అలా అన్నదో వెతుక్కుంటున్నట్టు గోడ వైపు చూసింది. దొరికింది కాబోలు, డబ్బా మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

మరునాడు నాతోపాటు ఆ డబ్బాను కూడా చదువుకు తీసుకుపోయింది.

"బీబమ్మా, మా పిల్ల ఇది తినడంలేదు. నువ్వన్నా చెప్పు దానికి. సచ్చిపోతాది."

నాగూర్‌బీ డబ్బాలోకి చూసింది. ఆమెకు కొత్తేమీ కాదు, ఆ ఊళ్లో ప్రతి ఇంట్లోనూ ఈ నమ్మకం ఉంది. మూత పెట్టి అడిగింది.

"పిన్నీ, పచ్చికట్టెల పొగ లోపలికి పోతే నీకు కడుపు నొస్తుందా, దగ్గొస్తుందా?"

"దగ్గే."

"అంటే పొగ యాడికి పోయినట్టు?"

ఓబులమ్మ చెయ్యి రొమ్ము మీదికి పోయింది.

"అన్నం తింటే?"

చెయ్యి కడుపు మీదికి దిగింది.

"మరి బెల్లం తింటే?"

చెయ్యి ఉన్నచోటనే ఉంది. పైకి కదలలేదు. రొమ్ముకూ కడుపుకూ మధ్య జానెడు దూరం ఉంటుందేమో. ఆ ఊరి బెల్లమంతా ఇన్నేళ్లుగా ఆ జానెడు దాటలేకపోయింది.

"అయితే ఆయన మొత్తం తిన్నా..."

"తట్టెడు తిన్నా అంతే పిన్నీ. దుమ్ము పోయే దారి వేరు, బెల్లం పోయే దారి వేరు."

ఆ సాయంత్రం ఓబులమ్మ కూతురికి అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని, ఈ సంగతి చెప్పింది. చెప్పడం చేతకాక రెండుసార్లు మొదలుపెట్టింది. మీ నాయన పోయింది నీవల్ల కాదే అన్న మాట చివర వచ్చింది. రవణ లేచి డబ్బాలోంచి ఒక ముక్క తీసి, చీమలు దులిపి, నోట్లో పెట్టుకుంది. దవడ కదిలించకుండా అలాగే చప్పరించింది. అది కరిగిపోయాక అడిగింది.

"అయితే నన్ను కాపాడేది ఏందమ్మా?"

బెల్లం అబద్ధమని తేలడంతో కూతురి గుండె మీది బరువు దిగింది, నిజమే. కానీ ఇన్నాళ్లూ కూతురు ఏ అడ్డమూ లేకుండా ఆ రంపం ముందు కూర్చుందని కూడా అదే రోజు తేలింది. నేను ఆ ఇంట్లో ఉన్నన్ని ఏళ్లలో ఓబులమ్మ కూతురి అన్నం ముందు నుంచి లేచిపోవడం అప్పుడే చూశాను.

రవణ ప్రశ్నకు జవాబు నాగూర్‌బీ దగ్గర ఉంది. రంపం మీద నీళ్లు ధారగా పడుతూ ఉండాలి, అప్పుడు పిండి గాల్లోకి లేవదు, బురదై కిందికి జారుతుంది. కొంగు కట్టుకుంటే చాలదు, కంటికి కనపడే దుమ్మునే కొంగు ఆపుతుంది, ప్రాణం తీసేది కంటికి కనపడనిది, దానికి దళసరి మాస్కు కావాలి. మంచు పడే పొద్దుల్లో గాలి కదలదు కాబట్టి ఎండ ఎక్కాకే కోత మొదలుపెట్టాలి, ఆ రోజుల్లో చట్రాల చెక్కముక్కలు తగలబెట్టకూడదు, ముసలివాళ్లనూ చంటిపిల్లలనూ ఇంట్లోనే ఉంచాలి. ఓబులమ్మ అన్నీ విన్నది. అయితే ఆమె తరహా వేరు. కళ్లతో చూడంది నమ్మి ఒకసారి మోసపోయింది కదా, ఈసారి చూడాలనుకుంది.

చూపించింది నేనే. ఒక మంచు పొద్దున నన్ను కడిగి ప్రహరీ మీద ఆరబెట్టి మర్చిపోయింది. మధ్యాహ్నం చదువుకు పోబోతూ చేతిలోకి తీసుకుంటే, నా నల్లటి ఒంటి మీద పల్చటి తెల్లపొర. ఆమె చూపుడువేలు పెట్టి 'ఓ' అని రాసింది. అక్షరం పడింది.

ఆ రోజు నుంచి అది ఆమెకు అలవాటైంది. పొద్దునే నన్ను కడిగి గోడ మీద పెట్టడం, మధ్యాహ్నం వేలితో రాసి చూడటం. అక్షరం పడితే ఆ పూట గాలి చెడ్డది. వీధిలో చంటిపిల్లల తల్లులకు పోయి చెప్పేది, లోపలికి తీసుకుపోండి అని. గురవమ్మకు ఇదొక వేడుకైంది.

"ఏంది ఓబులమ్మా, పలకను వడియాల్లాగా ఎండేసినావు?"

"గాలి ఏం రాత్తాదో చూద్దామని."

"గాలి కూడా నాగూర్‌బీ దగ్గర చదువుకుంటందా?"

నవ్విన గురవమ్మే పది రోజులు తిరక్కుండా తన మనవడి ఉయ్యాలను వసారాలోంచి లోపలి గదిలోకి మార్చింది.

కరెంటు లేని రోజుల్లో నా మీద అక్షరం పడేది కాదు. చెక్కముక్కలు తగలబెట్టిన రోజుల్లో తెలుపులో నల్లటి మసి చుక్కలు కూడా ఉండేవి. మంచు రోజుల్లో అక్షరం లోతుగా పడేది. ఎవరో అధికారులు షెడ్డు చూడటానికి వచ్చిన రెండు రోజులు మాత్రం, కరెంటు ఉన్నా, రంపాలు తిరిగినా, నేను నల్లగా ఉన్నాను. ఆ రెండు రోజులూ కుళాయిలు తిప్పి ఉంచారని రవణ చెప్పింది.

ఓబులమ్మ నన్ను చంకలో పెట్టుకుని కాశయ్య దగ్గరికి పోయింది. ఆయన గుమ్మంలో డబ్బాతో ఉన్నాడు.

"రా ఓబులమ్మా. తీసుకో" అని ముక్క చాపాడు.

"ఇది కడుపుకు పోతాదంట అన్నా. దుమ్ము రొమ్ముకు పోతాదంట."

"ఎవరు చెప్పినారు? మా నాయన కాలం నుంచి పెడతన్నాం. నేను తింటన్నా గదా రోజూ."

"నీకు దగ్గు లేదా అన్నా?"

కాశయ్య జవాబు చెప్పబోయి గొంతు సవరించుకున్నాడు. సవరించుకోవడం దగ్గుగా మారింది. అది తగ్గేదాకా ఆమె నిలబడి ఉంది. ఆయన డబ్బా మూత పెట్టి, దాని వైపే చూస్తూ, మెల్లగా అన్నాడు.

"కుళాయిలు పెట్టించింది నేనే. కట్టేసేది కోసేవాళ్లే. నీళ్లు పడితే రాయి జారతాది, కోత సగానికి పడతాది. కోసిన పలకలకే గదా కూలి. మీ పిల్లనే అడుగు."

పలకకో కూలి అని పెట్టింది ఎవరని ఆమె అడగలేదు. ఆ క్షణంలో ఆమెకు కూతురు తప్ప ఎవరూ కనపడలేదు. నేరుగా లోపలికి నడిచింది.

రవణ మూల రంపం దగ్గర ఉంది. ముక్కు మీద కొంగు, కనుబొమలు తెల్లగా. పక్కనే కుళాయి, కట్టేసి ఉంది. ఆ రంపం మీదనే నేను పలకగా పుట్టాను. పుట్టినచోటికి తిరిగి రావడం సంతోషమంటారు మనుషులు. నాకు ఆ చప్పుడు వినగానే నా అంచులు నాలుగూ గుర్తొచ్చాయి.

ఓబులమ్మ నన్ను రంపం పక్కన బల్ల మీద వెల్లకిలా పెట్టి నిలబడింది.

"ఏందమ్మా, పని చేసుకోనీ. అందరూ చూత్తన్నారు."

"చేసుకో. నేనేమన్నా వద్దన్నానా."

రవణ ఆరు పలకలు కోసింది. నా మీద మళ్లీ రాయి కురిసింది, నా జాతి రాయే. అప్పుడు ఓబులమ్మ వంగి, వేలితో రాయడం మొదలుపెట్టింది. మొదటి అక్షరం మీది ఏత్వం ఒకసారి తప్పింది, మళ్లీ దిద్దింది. ఇరవై ఏళ్లు కాపురం చేసి ఒక్కసారి కూడా పలకని పేరు, నలుగురు చూస్తుండగా నాలుగు అక్షరాలుగా నా మీద పడింది. కేశవులు.

రవణ అయిదో తరగతి చదివింది. చదవడానికి ఆమెకు క్షణం పట్టలేదు. రంపం తిరుగుతూనే ఉంది, ఆమె చెయ్యి మాత్రం రాయి మీది నుంచి లేచింది. తల్లి వేలు చూసింది. వేలి కొసన తెల్లటి పిండి. మళ్లీ పేరు చూసింది. చెయ్యి చాపి కుళాయి తిప్పింది.

నీళ్లు పడ్డాయి. కొన్ని చుక్కలు చిట్లి నా మీద పడి, చివరి అక్షరాన్ని కరిగించాయి. పక్క రంపం దగ్గర ఉన్నావిడ కాసేపు చూసి, తన కుళాయి కూడా తిప్పింది. మూడో ఆమె తిప్పలేదు. ఆమె ఇంటి అవసరం ఏమిటో నాకు తెలియదు కాబట్టి ఆమెను ఒక్క మాట అనను.

ఇక్కడితో కథ చక్కబడిందని చెప్పాలని నాకూ ఉంది. నాగూర్‌బీ పట్టుబట్టి ఫిల్ములు తీసే బండిని ఊరికి రప్పించింది. రవణ ఫిల్ములో పైభాగాన సన్నటి చుక్కలున్నాయి. లోపలికి పోయింది బయటికి రాదు, ఇంకా పోనిది ఆపుకోవచ్చు, రంపం మానెయ్యి అన్నాడు డాక్టరు. రవణ రంపం మానేసి మళ్లీ గడ్డి కట్టే పనికి వచ్చింది. కాశయ్య తన ఫిల్ము ఎవరికీ చూపించలేదు. కానీ కుళాయి కట్టేసిన రంపానికి కరెంటు ఇవ్వనని చెప్పాడు, మాస్కులు తెప్పించాడు, చెక్కముక్కలు తగలబెట్టడం మాన్పించాడు. పలకకో కూలి మాత్రం అలాగే ఉంది కాబట్టి, ఆయన అటు తిరిగినప్పుడు కుళాయిలు కొన్ని ఇప్పటికీ ఆగుతాయి. బెల్లం డబ్బా కూడా ఉంది. ఇప్పుడు దాన్ని తీపి కోసమే తింటున్నామంటారు. నమ్మకం ఒక్కరోజులో పోదు.

నన్ను షెడ్డు గుమ్మం పక్కన మేకుకు ఆనించి చెక్క మీద పెట్టారు. పని దిగేవేళ ఓబులమ్మ వస్తుంది, నా మీద వేలు గీస్తుంది. అక్షరం పడితే లోపలికి పోయి ఏ కుళాయి ఆగిందో వెతుకుతుంది. అక్షరాలు నేర్చుకున్నవాళ్లంతా అవి బాగా పడాలని కోరుకుంటారు. పడకూడదని కోరుకుంటూ రాసేది నేనెరిగినంతలో ఈమె ఒక్కతే.

ఈ సాయంత్రం కూడా వచ్చింది. వేలు గీసింది. నల్లగానే ఉన్నాను, అక్షరం పడలేదు. ఆమె మొహం కాస్త తేటపడింది. అంతలో లోపల గడ్డి మోపుల వెనక నుంచి రవణ దగ్గు వినపడింది. ఓబులమ్మ వేలు నా మీది నుంచి తీయలేదు. అది గడ్డి నుసికి వచ్చిన దగ్గో, మరొకటో తెలియక, ఇంకో దగ్గు వస్తుందేమోనని వింటూ అక్కడే నిలబడింది.